వెనక సీట్లో కండక్టరు

నాకు కారు నేర్పింది ఎర్రబస్సు డ్రైవరు. ఈ ముక్క ముందే చెప్పుకోకపోతే, లైసెన్సు పరీక్షనాడు మహబూబాబాద్‌లో అంతమంది ముందు నేను చేసిన నిర్వాకం ఎవరికీ అర్థం కాదు. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నవాళ్లు అలాంటి తప్పు చేయరు. చేయమన్నా వాళ్లకు చేతకాదు.

అప్పట్లో మేము నెల్లికుదురులో ఉండేవాళ్లం. మా ఆయన భూపాలపల్లిలో బొగ్గుబాయి పనికి పోయి, ఆదివారం ఆదివారం ఇంటికొచ్చేవాడు. పిల్లలిద్దరూ హనుమకొండ హాస్టల్లో చదువుకునేవారు. ఇంట్లో మిగిలింది నేనూ మా అత్తమ్మా. ఆమెకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, వరంగల్ దవాఖానకు తీసుకెళ్లి మిషను మీద రక్తం శుద్ధి చేయించాలి. ఒకసారి తప్పితే కాళ్లు పొంగేవి. ఇంకోసారి కూడా తప్పితే ఊపిరి ఆడేది కాదు. ఒకనాడు ఆమె మంచం మీద కూర్చుని, కిటికీ ఊచలు పట్టుకుని, గాలి కోసం నోరు తెరవడం చూశాను. ఆ తరువాత నాకు వారమంటే ఆ రెండు రోజులే అయిపోయింది.

ఆ ప్రయాణాల కోసమే మా ఆయన ఒక పాత తెల్లకారు కొన్నాడు. ఊళ్లో ఒకతన్ని డ్రైవరుగా పెట్టుకున్నాం. అతను కొన్నాళ్లు నడిపి, హైదరాబాద్‌లో మంచి పని దొరికిందని వెళ్లిపోయాడు. అప్పుడే నేను పట్టుబట్టి ఎల్లెల్లార్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, తీసుకున్నాను. తీసుకున్నాను గానీ నేర్పేవాళ్లేరీ? ఒక ఆదివారం మా ఆయన పొలాల దారిలో నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఆయనకు నాలిక మీద ఉంటుంది. పావుగంట గడవకముందే ఇద్దరం కారును అక్కడే వదిలేసి, ఒకరి వెనక ఒకరం మాట్లాడుకోకుండా ఇంటికి నడిచొచ్చాం. అత్తమ్మ మమ్మల్ని చూసి, "కారేదిరా? అమ్ముకొచ్చిన్రా?" అని అడిగింది. ఆమె నవ్విన ఆ నవ్వుతో నా కారు చదువు అటకెక్కింది. మళ్లీ బస్సులే దిక్కయ్యాయి.

ఇంతలో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బళ్లు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి, మా ఆయన పనిచేసే బొగ్గుబాయిలోనూ పని ఆగింది. ఆయన అక్కడే సమ్మె శిబిరంలో కూర్చున్నాడు. కొన్నాళ్లకు బస్సులు కూడా ఆగిపోయాయి. మా ఊరి మీదుగా తొర్రూరు వెళ్లే రోడ్డు మీద రోజంతా చూసినా ఒక్క ఎర్రబస్సు కనిపించేది కాదు.

అత్తమ్మ పక్కా తెలంగాణ మనిషి. వెనకటి ఉద్యమం నాడు ఆమె కొత్తకోడలట. అప్పుడు వస్తుందనుకున్న రాష్ట్రం రాకపోయేసరికి, ఆ బాకీ తనకే ఉందన్నంత పట్టుదల ఆమెది. బస్సులు బంద్ అని తెలిసినప్పుడు నేను తల పట్టుకుంటే ఆమె చేతులు తట్టింది.

"బందువెట్టనీ. బందువెట్టకుంటె మన మాట ఎవలింటరు?"

"నీ కాళ్లు సూస్కున్నవా అత్తమ్మా? కుండల్లెక్క అయినయి. రేపు దవాఖానకు ఎట్ల పోతం?"

"నా కాళ్ల కోసమని రాష్ట్రం ఆగుతదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. రాష్ట్రం నాకూ కావాలి. మా పుట్టిల్లు బచ్చన్నపేట దిక్కు, నీళ్ల కోసం ఎదురుచూసి పెరిగినదాన్ని, రాష్ట్రం ఎందుకో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ అత్తమ్మ కూడా కావాలి. రెండూ కావాలనుకోవడం ఆ రోజు నాకు అత్యాశలా అనిపించి, వంటింట్లోకి పోయి గిన్నెల మీద కోపం తీర్చుకున్నాను.

ఆ చప్పుడుకే వచ్చాడేమో, చాచా వాకిట్లో నిలబడ్డాడు. మా వాడలోనే ఉండే ఎర్రబస్సు డ్రైవరు. జుట్టు నెరిసిన మనిషి, కంఠం మాత్రం బస్సు హారనే. సమ్మెలో ఉన్నాడు. స్టీరింగ్ చేతిలో లేకపోతే ఆ చేతులతో ఏం చేయాలో తెలియక, పొద్దున్నుంచి వాడలో అందరి పంపులూ సైకిళ్లూ బాగుచేస్తూ తిరుగుతున్నాడు.

"అక్కా, కారు ఊకెనే ఉన్నది, నేను ఊకెనే ఉన్న. పోదాం పాండ్రి దవాఖానకు" అన్నాడు అత్తమ్మతో.

"సమ్మెల ఉండి బండి తోల్తవా తమ్మీ?" అని అత్తమ్మ అనుమానంగా చూసింది.

"సమ్మె బస్సుకు. మనిషి పానానికి గాదు."

అలా మొదలైంది. వరంగల్ పోయేటప్పుడు చాచా నడిపేవాడు. వచ్చేటప్పుడు, పెద్దరోడ్డు దాటి తొర్రూరు నుంచి మా ఊరి దారి పట్టగానే, కారు ఆపి దిగి నన్ను ఆ సీట్లో కూర్చోమనేవాడు. లారీలు లేవు, బస్సులు లేవు. అంత ఖాళీ రోడ్డు నేర్చుకునేవాళ్లకు మళ్లీ దొరకదు.

చాచా మంచి గురువే. కాకపోతే ఆయన జీవితంలో బస్సు తప్ప ఇంకో బండిని బండిగా లెక్కచేయలేదు. చిన్న కారుతో మలుపు తిరగాలంటే రోడ్డు అవతలి అంచు దాకా పోయి తిప్పమనేవాడు. మాటిమాటికీ ఎడమ అద్దంలో చూడమనేవాడు.

"ఎందుకు చాచా?"

"మెట్ల మీద ఎవలన్న యాలాడుతున్నరేమో సూడాలె."

"గిది కారు చాచా!"

"అలవాటు గావాలె బేటీ."

దారిలో ఎవరైనా చెయ్యెత్తితే చాలు, ఆపమనేవాడు. తెలిసినవాళ్లా, తెలియనివాళ్లా అన్నది లేదు. చెయ్యెత్తిన మనిషిని దాటిపోతే ఆ రోజు అన్నం సహించదట ఆయనకు. అలా మా కారులో తొర్రూరు సంతకు పోయిన కూరగాయల తట్టలు ఎక్కాయి, ఒకసారి గొర్రెపిల్ల కూడా ఎక్కింది.

అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం మొదటి రోజే చెప్పాడు. నేను గేరు వేసి, క్లచ్ వదలబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. బండి ఆపుడు డ్రైవరు పని, కదిలిచ్చుడు కండక్టరు పని. ఎక్కెటోళ్లు ఎక్కిన్రా, దిగెటోళ్లు దిగిన్రా, ముంగట సూసేదానివి నీకెట్ల తెలుస్తది? ఎనుక నుంచి రైట్ అంటెనే కాలు ఇడువాలె."

"మరి మనకు కండక్టరు ఏడున్నడు?"

వెనక సీట్లోంచి అత్తమ్మ ముందుకు వంగింది. "నేను లేనా? నేనంట తియ్" అని సీటు మీద గట్టిగా రెండు దెబ్బలు చరిచి, "రైట్ రైట్!" అని అరిచింది. నేను క్లచ్ వదిలాను. కారు ఒక్క ఊపు ఊగి కదిలింది. అత్తమ్మ తల ముందు సీటుకు తగిలింది. అయినా నవ్వుతూనే ఉంది.

ఆ రోజు నుంచి ఆమె మా కండక్టరు. బతుకంతా బస్సుల్లో "ముసలవ్వా, ముంగటికి జరుగు" అనిపించుకున్న మనిషికి ఆ కొలువు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆపాలంటే "వోల్డన్!" అనేది. కదలాలంటే "రైట్ రైట్!" దవాఖానలో మిషను మీంచి దిగినవాళ్లు బండి ఎక్కగానే నిద్రపోతారు, ఒంట్లో అంత నీరసం ఉంటుంది. అత్తమ్మ మాత్రం ఒక చేత్తో పై పిడి పట్టుకుని కళ్లు పెద్దవి చేసుకుని కూర్చునేది. పడుకో అత్తమ్మా అంటే, "నేను పండుకుంటె రైట్ ఎవలంటరు?" అనేది. అది నిజంగా కొలువు మీద భక్తో, నా నడపడం మీద భయమో నాకు తెలిసేది కాదు. భయమే ఎక్కువని నా అనుమానం. బర్రె కనిపిస్తే నాకన్నా ముందు ఆమె అరిచేది.

బస్సులు రావు కదా అని రైతులు సగం రోడ్డు మీద మక్కలు, అంటే మొక్కజొన్నలు, ఆరబోశారు. ఒకసారి నా ముందు చక్రం ఆ మక్కల మీదికెక్కింది. చీపురుకట్టతో ఒక అవ్వ రోడ్డుకు అడ్డం వచ్చి, "కండ్లు ఇంట్ల మర్శొచ్చినవా పొల్లా!" అని అందుకుంది. నేను కిటికీ అద్దం దించి ఏదో అనబోయేలోగా అత్తమ్మ తల బయటపెట్టి, "కొత్తగ నేర్సుకుంటాంది చెల్లే, జర ఓర్సుకో. దవాఖానకు పోయస్తున్నం" అంది. అవ్వ అత్తమ్మ చేతికున్న కట్టు చూసి, చీపురుతో మక్కలన్నీ పక్కకు ఊడ్చింది. ఆ తరువాత మా కారు వచ్చే మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు అక్కడ మక్కలు రోడ్డు అంచుకే ఉండేవి.

పెద్దరోడ్డు మీద వంటావార్పూ నడిచేది. అడ్డంగా రాళ్లు పెట్టి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే బంతులు తీరి కూర్చుని తినడం. కారు అక్కడ ఆగగానే అత్తమ్మ పిడికిలి బయటకు వచ్చేది. "జై తెలంగాణ!" వాళ్లూ అనేవాళ్లు. దవాఖానకని తెలియగానే పిల్లలు పరుగెత్తి రాళ్లు జరిపేవారు. ఎవరో ఒకరు విస్తరిలో అన్నం, పచ్చిపులుసు పట్టుకొచ్చేవారు. ఉప్పు తినకూడదు, నీళ్లు కొలిచి తాగాలి, పచ్చిపులుసైతే ఆమె నోటికి పోకూడనిదే. అత్తమ్మ ఆ విస్తరిని ఒళ్లో పెట్టుకుని వాసన చూసి, "మస్తుంది బిడ్డా" అని నాకిచ్చేది. నేను తింటుంటే నా నోటి వంకే చూసేది. ఆ పూట నాకు ముద్ద దిగేది కాదు. కానీ తినకపోతే ఆమె ఊరుకునేది కాదు.

"రాష్ట్రమొచ్చినంక నన్ను పట్నం దాక తీస్కపో బిడ్డా, నువ్వే నడుపుకుంట" అనేది. తరువాత తీసుకెళ్లాను కూడా. దారి పొడవునా చార్మినార్ ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉంది.

సమ్మె ముగిసింది. బస్సులు తిరిగాయి. చాచా ఖాకీ చొక్కా వేసుకుని డ్యూటీకి పోయాడు. వాడలో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను, కానీ మాకు డ్రైవరు లేడు. మళ్లీ బస్సులోనే వరంగల్ పోయాం.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో నిలబడడానికే చోటు లేదు. ఎవరో లేచి అత్తమ్మకు సీటిచ్చారు గానీ, తొర్రూరులో దిగేటప్పుడు తోపులాటలో ఎవరి మోచెయ్యో ఆమె చేతి కట్టుకు తగిలింది. మిషను సూదులు గుచ్చే చెయ్యి అది. కట్టు కింద నుంచి నెత్తురు ఉబికి, చీర కుచ్చిళ్ల దాకా కారింది. బస్టాండులో బెంచీ మీద కూర్చోబెట్టి నా కొంగుతో గట్టిగా అదిమి పట్టుకున్నాను. ఆమె ఏడవలేదు. ఇంటికొచ్చాక చెప్పింది.

"ఇగ బస్సెక్క బిడ్డా. నాతోని గాదు. ఎన్ని దినాలుంటె గన్ని దినాలు గీ మంచంల్నే ఉంట."

శుక్రవారం పొద్దున ఎంత బతిమాలినా లేవలేదు. ఆదివారం మా ఆయన వచ్చేసరికి ఆమె కాళ్లు మళ్లీ కుండలయ్యాయి. మాట్లాడుతుంటే మధ్యలో ఆయాసం. ఆయన ఆ కాళ్ల దగ్గరే కూర్చుని నిమురుతూ, "ఎవలన్న డ్రైవరును సూస్త అమ్మా" అన్నాడు. ఎవర్ని చూస్తాడు? ఊళ్లో నడపడం వచ్చినవాళ్లంతా ట్రాక్టర్ల మీదో, పట్నంలోనో ఉన్నారు.

"నేను లేనా?" అన్నాను.

"లైసెన్సు లేకుంట పెద్దరోడ్డెక్కితె నేనొప్పుకోను. అమ్మను ఎక్కిచ్చుకోని అసలే ఒప్పుకోను. లైసెన్సు తెచ్చుకో, తాళం నీ చేతుల వెడత."

అత్తమ్మ కళ్లు మూసుకునే, "అది నడిపితె పోత. బస్సుల మాత్రం పోను" అంది.

అంతే తేలింది. నేను పరీక్ష నెగ్గాలి, లేదంటే ఆమె మంచం దిగదు. అప్పటిదాకా చాచా డ్యూటీలు మార్చుకుని మమ్మల్ని తీసుకెళ్తానన్నాడు. "ఎక్కువ దినాలైతె నాతోని గాదు బేటీ, జల్ది పాస్‌గా" అని కూడా అన్నాడు.

పరీక్ష రోజు చాచా సెలవు పెట్టాడు. బయల్దేరే ముందు నెంబరు ప్లేటు చూసి ఆగిపోయాడు. ఏపీ అన్న అక్షరాల మీద మా ఆయన టీజీ అని స్టిక్కరు అంటించాడు, ఆ రోజుల్లో అందరూ అంటించుకున్నట్టే. "గిది వెట్టుకోని ఇన్‌స్పెక్టరు కాడికి పోతవా?" అని చాచా కిరోసిన్ గుడ్డతో రుద్ది పీకేశాడు. అత్తమ్మ ముఖం మాడ్చుకుంది. తను కూడా వస్తానని అప్పటికే కారెక్కి కూర్చుంది. వద్దంటే వినదు. "కండక్టరు లేకుంట బండెట్ల కదుల్తది?" అంది. అప్పుడు నవ్వాం.

మహబూబాబాద్‌లో పరీక్ష పెట్టే మైదానంలో సమ్మె నాళ్ల జనమంతా ఒకేసారి వచ్చిపడ్డట్టు ఉన్నారు. ఆడవాళ్లలో స్కూటీల వాళ్లే తప్ప కారుకు వచ్చింది నేనొక్కదాన్నే. నా వంతు రాగానే అత్తమ్మా చాచా కారు దిగి గోడ దగ్గర నిలబడ్డారు. అక్కడున్నవాళ్లంతా వినోదం చూడ్డానికి తిరిగారు. ఇన్‌స్పెక్టరు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

నేను సీటు సరిచేసుకున్నాను. బెల్టు, అద్దాలు, తాళం. ఇంజన్ మొదలైంది. గేరు వేశాను. హ్యాండ్ బ్రేకు దించాను. ఎడమ అద్దంలో మెట్ల మీద ఎవరూ వేలాడడం లేదని చూసుకున్నాను. కూర్చున్నాను.

"కానియ్యమ్మా" అన్నాడు.

"సరే సార్" అన్నాను. కూర్చునే ఉన్నాను.

నాకు అప్పుడు ఏం జరుగుతోందో తెలియదు. అన్నీ సరిగ్గా చేశానని తెలుసు. ఎందుకో ఎడమ కాలు మాత్రం క్లచ్ మీంచి రావడం లేదు. ఇంజన్ గురగురమంటోంది. గోడ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగి, "ఏమైంది? భయమైతుందా?" అని అడిగాడు. లేదన్నాను. నిజంగానే భయం లేదు. కాలు రావడం లేదు, అంతే.

అప్పుడు గోడ దగ్గర నుంచి, ఆయాసంతో తెగిపోతున్న గొంతు ఒకటి మైదానమంతా వినిపించేలా అరిచింది. "రైట్ రైట్!"

నా కాలు దానంతట అదే లేచింది. కారు మెత్తగా కదిలింది. మైదానమంతా గొల్లుమంది.

అక్కడితో అయినా బాగుండేది. మలుపు తిరిగేటప్పుడు బస్సంత వెడల్పుగా తిరిగాను. అవతల వరసలో ఒక కుర్రవాడు తన దోస్తును పిలవడానికి చెయ్యెత్తాడు. నేను పద్ధతిగా సిగ్నల్ ఇచ్చి, ఎడమవైపు జరిగి, సరిగ్గా అతని పక్కన కారు ఆపాను.

ఇన్‌స్పెక్టరు నన్ను చూశాడు, అతన్ని చూశాడు. "ఈయన్ని ఎక్కిచ్చుకుందామనా?" అన్నాడు.

విషయం చెప్పాక ఆయన కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. కానీ సంతకం పెట్టలేదు. "నడుపుడు మంచిగనే వచ్చిందమ్మా. కాని రోడ్డు మీద రైట్ అనేటోళ్లు ఉండరు. ఎప్పుడు కదలాలెనో నువ్వే సూస్కోవాలె. వారమైనంక రా" అన్నాడు.

తిరిగొచ్చే దారిలో నేను వెనక సీట్లో కూర్చుని ఏడ్చాను. చాచా మీద కోపం, అత్తమ్మ మీద కోపం, చెయ్యెత్తినవాడి మీద మరీ కోపం. చాచా ముందు నుంచి, "గలత్ నాదే బేటీ. కారును కారు లెక్క నేర్పాలె, నేను బస్సు లెక్క నేర్పిన" అన్నాడు. అత్తమ్మ నా వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. తరువాత, "నేనే అర్శి ఆగం జేస్తిని" అంది. ఆమె అరవకపోతే ఇంకా అక్కడే కూర్చుని ఉండేదాన్నని చెప్పాలనిపించింది. కానీ కోపం తగ్గలేదు, చెప్పలేదు.

ఆ వారమంతా చాచా డ్యూటీ దిగి రాగానే సాయంత్రాలు తొర్రూరు దారిలో తిప్పాడు. అత్తమ్మ వెనకే కూర్చుంది, కానీ నోరు తెరవకూడదని ఒట్టు. ఆమెకు నోరు ఆగదు. అందుకని కొంగు కొస నోట్లో కుక్కుకుని కూర్చునేది. నేను గేరు వేసి ఆగిపోయేదాన్ని. చాచా మాట్లాడడు, అత్తమ్మ మాట్లాడదు. ఆ నిశ్శబ్దం నాకు భరించరానిదిగా ఉండేది. అప్పుడు నాకొక సంగతి తెలిసొచ్చింది. నేను పుట్టింట్లో బాపు సరే అంటేనే గడప దాటాను, ఇక్కడ మా ఆయన సరే అంటేనే తాళం ముట్టాను. ఇంత నోరు, ఇంత కోపం ఉండి కూడా, ఎవరో ఒకరు రైట్ అనేదాకా కాలు కదపని మనిషినే నేను. చాచా నేర్పింది కొత్త అలవాటేం కాదు. తెలిశాక సిగ్గేసింది, ఆ తరువాత పౌరుషం వచ్చింది. ముందు చూశాను, కుడి చూశాను, ఎడమ చూశాను, వెనక చూశాను. ఎవరూ అడ్డం లేరు. క్లచ్ వదిలాను. అద్దంలో అత్తమ్మ, నోట్లో కొంగుతో, తలాడించింది.

"అద్దంల అత్తను జూడకు బేటీ, రోడ్డు జూడు" అన్నాడు చాచా.

రెండోసారి పరీక్షకు అత్తమ్మ రాలేదు. "నేనొస్తె నోరూకోదు" అని మంచంలోనే ఉండిపోయింది. కాళ్లు మళ్లీ ఉబ్బుతున్నాయి. చాచాకు ఆ వారం ఇక డ్యూటీ మార్పు దొరకదు. తెల్లవారితే శుక్రవారం. దారంతా నేను ఆ కాళ్లే తలుచుకుంటూ పోయాను.

ఇన్‌స్పెక్టరు నన్ను గుర్తుపట్టాడు. కూర్చుని బెల్టు పెట్టుకుని, ఈసారి కానియ్యమని కూడా అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరికే కూర్చున్నాడు. కావాలనే అనలేదో, మరిచిపోయాడో తెలియదు. గోడ దగ్గర జనం ఉన్నారు. ఒక పిచ్చుక బానెట్ మీద వాలి ఎగిరిపోయింది. నేను చూడాల్సినవన్నీ చూశాను. దారి ఖాళీగా ఉంది. కాలు వదిలాను.

చిన్నగా తిరగాల్సిన చోట చిన్నగానే తిరిగాను. వెనక్కి పోనిచ్చి గీత మీద పడకుండా నిలిపాను. ఎవరెవరో చేతులెత్తారు, చూడనట్టే పోయాను. దిగాక ఆయన సంతకం పెడుతూ, "ఇయ్యాల మీ కండక్టరు రాలేదా?" అన్నాడు.

"ఇంటికాడున్నది సార్. రేపు దవాఖానకు తీస్కపోవాలె."

"పైలంగ తీస్కపో" అన్నాడు.

శుక్రవారం పొద్దున అత్తమ్మ తనే లేచింది. ఉతికిన చీర కట్టుకుని నాకన్నా ముందు కారు దగ్గర నిలబడింది. ఆమెను వెనక కూర్చోబెట్టి, తలుపు వేసి, నేను ముందు కూర్చున్నాను. పక్క సీట్లో ఎవరూ లేరు. అంత పెద్ద ఖాళీ అక్కడ ఉంటుందని నేను అనుకోలేదు. అత్తమ్మ సీటు మీద చరిచి, "ఇయ్యాలన్న అననీయి బిడ్డా. రైట్ రైట్!" అంది. అననిచ్చాను. ఆమె అనకముందే కారు కదిలిందని ఆమెకు చెప్పలేదు.

దవాఖానలో నాలుగు గంటలు పట్టింది. తిరిగొచ్చేటప్పుడు వర్ధన్నపేట దాటాక ఎదురుగా ఎర్రబస్సు వచ్చింది. స్టీరింగ్ మీద చాచా. కారును చూసి కిటికీలోంచి చెయ్యి మొత్తం బయటపెట్టి ఎత్తాడు. చెయ్యెత్తినా నేను ఆగలేదు. హారన్ కొట్టి దాటిపోయాను. పక్కనుంచి దాటుతుంటే ఆయన నవ్వడం చూశాను.

తొర్రూరు ఇంకా కొంత దూరముందనగా గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. బ్రేకు వేసి ఆగాను. పొద్దు వాలుతోంది, పత్తి చేలు తెల్లగా పగిలి ఉన్నాయి. మంద తెగడం లేదు. ఒక గొర్రె ఇటు, రెండు అటు. చివరికి గొల్లాయన కూడా దాటి, కట్టె ఊపి పొమ్మన్నాడు. నేను గేరు వేసి, పాత అలవాటు కొద్దీ ఒక్క క్షణం చెవి వెనక్కి పెట్టాను. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు.

అద్దంలో చూశాను. అత్తమ్మ తల కిటికీకి వాలి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. పై పిడి పట్టుకునే చెయ్యి జారి ఒళ్లో పడి ఉంది. వెనక్కి తిరిగి చూశాక తెలిసింది, రొమ్ము సమంగా లేచి పడుతోంది. నిద్రపోతోంది. ఇన్నాళ్ల ప్రయాణాల్లో ఆమె బండిలో నిద్రపోవడం నేను చూడలేదు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకున్నాను, దారి కనపడాలి కదా. వెనక ఏదో లారీ హారన్ కొట్టింది. కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను. అత్తమ్మకు మెలకువ రాకుండా క్లచ్ మెల్లగా వదిలాను.